ఛందస్సు పుస్తకం అచ్చు పేజీ నుంచి తెర మీదికి: ప్రాజెక్టు డైరీ

సోమవారం: చేతికి అందినవి

రచయిత కుటుంబం రాసిచ్చిన అనుమతి, అచ్చు పుస్తకం ఒక ప్రతి, పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేరు పేజ్‌మేకర్‌లో చేసిన ఫైళ్లున్న ఒక సీడీ అందాయి. ఇవాళే పని మొదలుపెట్టాం. ఇది తెలుగు ఛందస్సు నేర్పే పుస్తకం, 1/8 డెమ్మీ సైజు. వచనంలో వివరణ, మధ్యమధ్య పద్యాలు, వాటి కింద గణవిభజన, పేజీ అడుగున ఫుట్‌నోట్లు, అక్కడక్కడా పట్టికలు, చివర పదసూచిక ఉన్నాయి. అచ్చులో చూడముచ్చటగా ఉంది. నవల అయితే పేరాలు వరసగా పోసుకుంటూ పోవచ్చు. ఇందులో మాత్రం అక్షరం పేజీలో ఎక్కడ కూర్చుంది అన్నది కూడా పాఠంలో భాగమే. అందుకే దీన్ని ఎంచుకున్నాం. ఇది కుదిరితే మా దగ్గరున్న మిగతా పుస్తకాలకు దారి దొరికినట్టే.

ముందుగా ఒక మాట తేల్చుకున్నాం. స్కాన్ చేసి పీడీఎఫ్ పెట్టేస్తే చాలదా అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. చాలదు. డెమ్మీ పేజీని ఫోన్ తెర మీద చదవాలంటే వేలితో పెద్దది చేసుకుని, ప్రతి లైనుకీ అటూ ఇటూ జరుపుకోవాలి. అక్షరం సైజు పెంచుకుంటే లైను తనంతట తాను సర్దుకోదు. స్కాన్‌లో ఉన్నది బొమ్మే కాబట్టి మాట వెతకలేం, కాపీ చేసుకోలేం, చూపు లేనివారికి ఫోను చదివి వినిపించలేదు. మా లక్ష్యం ఇది: శుభ్రమైన యూనికోడ్ (ప్రతి అక్షరానికీ సొంత సంకేతం ఇచ్చే ప్రమాణం) పాఠం ఒకే ఒక్క మూల ప్రతిగా హెచ్‌టీఎంఎల్‌లో (వెబ్ పేజీలు రాసే భాషలో) ఉండాలి, వెబ్ పేజీలూ ఎపబ్ అనే ఈ-పుస్తకం ఫైలూ రెండూ దాని నుంచే పుట్టాలి. రెండు చోట్ల రెండు ప్రతులు పెట్టుకుంటే ఏ తప్పు ఎక్కడ దిద్దామో కొన్నాళ్లకు ఎవరికీ గుర్తుండదు.

బుధవారం: సీడీ తెరిచాం

పేజ్‌మేకర్ 1985లో ఆల్డస్ కంపెనీ తెచ్చింది. 1994లో ఆల్డస్ అడోబీలో కలిసింది. 2001లో వచ్చిన 7.0తో దాని కథ ముగిసింది. తెలుగు డీటీపీ మాత్రం ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి దాని మీదే నడిచింది. దాని స్థానంలో అడోబీ తెచ్చిన ఇన్‌డిజైన్ ఇప్పటి వెర్షన్ ఈ ఫైళ్లను తెరవదు. సీఎస్6 వరకు వచ్చిన పాత వెర్షన్లు తెరుస్తాయి. మా దగ్గర పేజ్‌మేకర్ ఉన్న పాత కంప్యూటరే ఒకటి ఉండటంతో నేరుగా అందులోనే తెరిచాం.

ఇక్కడ జాగ్రత్త పడాల్సిన విషయం ఒకటుంది. పాఠాన్ని బయటికి తీసేటప్పుడు ఉత్త టెక్స్ట్ ఫైలుగా తీయకూడదు. పాత తెలుగు ఫాంట్లలో తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలు లేవు. ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానాల్లోనే తెలుగు ముక్కలు కూర్చోబెట్టారు. అంటే ఫైలులో ఉన్నది ఇంగ్లీషు అక్షరమా, తెలుగు ముక్కా అన్నది చెప్పేది ఫాంటు పేరు ఒక్కటే. ఉత్త టెక్స్ట్‌గా తీస్తే ఆ పేరు పోతుంది, ముందుమాటలో ఉన్న అసలైన ఇంగ్లీషు మాటలూ తెలుగూ కలిసిపోయి ఇక విడదీయలేం. అందుకని ప్రతి స్టోరీనీ (పేజ్‌మేకర్‌లో ఒకటిగా అల్లుకున్న పాఠాన్ని) రూపం వివరాలు కూడా దాచుకునే ఆర్‌టీఎఫ్ ఫైలుగా తీశాం. ఫాంటు పేర్లు, బోల్డ్, సైజులు అన్నీ వెంట వచ్చాయి. వీటితో తర్వాత చాలా పని ఉంది.

స్టోరీలు కూడా సజావుగా లేవు. కొన్ని అధ్యాయాలు మొదటి నుంచి చివరిదాకా ఒకే స్టోరీగా అల్లుకుని ఉన్నాయి. కొన్నిట్లో పేజీకో విడి టెక్స్ట్ బ్లాకు. వాటి వరస కంప్యూటర్‌కి తెలియదు కాబట్టి అచ్చు పుస్తకం పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే పేర్చాం.

శుక్రవారం, ఆ తర్వాతి వారం అంతా: ఫాంటు విప్పడం

యూనికోడ్‌లో తెలుగు 1991 నాటి మొదటి వెర్షన్ నుంచీ ఉంది. 128 స్థానాల ఒక గది తెలుగుకి కేటాయించారు. అందులో ఉండేవి అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న, విసర్గ లాంటివే. వత్తులకు అక్కడ విడి స్థానాలు లేవు. హల్లు, పొల్లు, ఇంకో హల్లు వరసగా వస్తే రెండో హల్లుని వత్తుగా గీయాల్సింది ఫాంటే. పాత డీటీపీ ఫాంటులో పద్ధతి దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, ప్రతి వత్తూ ఒక ముక్క. కంటికి ఎలా కనబడాలో ఆ వరసలో ముక్కలు పేర్చుకుంటూ పోవడమే.

‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం తీసుకుందాం. పాత ఫైలులో మొదట ‘సీ’కి కావలసిన ముక్కలు, తర్వాత త వత్తు, ఆ తర్వాత ర వత్తు ఉంటాయి. యూనికోడ్‌లో వరస వేరు: స, పొల్లు, త, పొల్లు, ర, చివర గుడి దీర్ఘం. అంటే పాత పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే స్క్రిప్టు (మేం రాసుకున్న చిన్న ప్రోగ్రాము) ముక్కకి ముక్క మార్చితే సరిపోదు. గుణింతపు గుర్తుని చేత్తో పట్టుకుని, వెనక వచ్చే వత్తులన్నీ అయిపోయేదాకా ఆగి, అప్పుడు దించాలి. ర వత్తు ఈ ఫాంటులో మరో పేచీ పెట్టింది. అది హల్లుకి ఎడమ పక్క నుంచి మొదలవుతుంది కాబట్టి కొన్ని చోట్ల హల్లు కంటే ముందే టైపు చేశారు, కొన్ని చోట్ల తర్వాత. రెండు వరసలకీ నియమం రాయాల్సి వచ్చింది. తలకట్టు ముక్కకి యూనికోడ్‌లో చోటే లేదు, హల్లులోనే అది కలిసి ఉంటుంది, కాబట్టి దాన్ని వదిలెయ్యాలి. ఐత్వం పైన ఒక ముక్క, కింద ఒక ముక్క. రెండూ కలిపి ఒకే గుర్తు చెయ్యాలి. లేకపోతే కంటికి ‘కై’ లాగే ఉంటుంది కానీ, వెతికితే దొరకకపోవచ్చు.

అన్నిటికన్నా మొండిది ‘మ’. ఈ ఫాంటులో వ రూపానికి పక్కన కొమ్ములాంటి ముక్క తగిలిస్తే మ అవుతుంది. కంపోజ్ చేసినవాళ్లు చాలా చోట్ల ఆ ముక్కకీ అసలు కొమ్ముకీ తేడా పాటించలేదు, కాగితం మీద ఆ తేడా పెద్దగా తెలియదు కూడా. ఫలితంగా స్క్రిప్టు బయటికి తెచ్చిన పాఠంలో ‘మనిషి’ కాస్తా ‘వునిషి’ అయింది. పోనీ ‘వు’ కనబడ్డ చోటల్లా ‘మ’ పెట్టేద్దామంటే ‘దేవుడు’ పోయి ‘దేమడు’ వస్తాడు. పైగా ఈ రచయిత ‘ఉంచి’ అనే చోట ‘వుంచి’ అని రాసే అలవాటున్నవారు. ‘వుంచి’ని ఒకచోట ‘మంచి’ చెయ్యాలి, ఇంకోచోట ముట్టుకోకూడదు. ఇక్కడ నియమం పనిచెయ్యదు, మాటల జాబితా కావాలి. నిస్సందేహంగా తేలే మాటలన్నీ జాబితాలో పెట్టి స్క్రిప్టుకి ఇచ్చాం. రెండు రకాలుగానూ అర్థం ఇచ్చే మాటలకు పసుపు రంగు పూసి మనిషి కోసం వదిలాం. యంత్రానికి తెలియని చోట ఊహించి రాసేయకుండా గుర్తు పెట్టి ఆగడం ఈ మొత్తం పనిలో నేను అన్నిటికన్నా గట్టిగా పట్టుబట్టిన విషయం. తప్పుడు అక్షరం కనీసం కంటికి కనబడుతుంది. నమ్మకంగా రాసిన తప్పు మాట మాత్రం ఎవరికీ కనబడకుండా పుస్తకంలో ఉండిపోతుంది.

పాత ఫాంటు ఒక విషయంలో మాకు మేలు చేసింది. అందులో పొల్లు వేరు, వత్తు వేరు. ముందుమాటలో ‘టెక్స్ట్‌బుక్’ అని ఉంది. దీన్ని అమాయకంగా యూనికోడ్‌కి మారిస్తే ట్ తర్వాత బ రాగానే ఫాంటు దాన్ని వత్తు చేసి ‘టెక్స్ట్బుక్’ అని కుప్ప పోస్తుంది. పాత ఫైలులో అక్కడ పొల్లు ముక్క స్పష్టంగా ఉంది కాబట్టి, పొల్లు తర్వాత హల్లు వస్తే మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనబడని అక్షరం పెట్టమని స్క్రిప్టుకి చెప్పాం. స్కాన్ నుంచి ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను కంప్యూటర్‌తో గుర్తింపజేయడం) చేసి ఉంటే ఇంత తేలిగ్గా తేలేది కాదు.

తర్వాతి సోమవారం నుంచి: ప్రూఫు

ప్రూఫు చూస్తున్నది తెలుగు పండితులుగా పనిచేసి రిటైరైన మాస్టారు. అచ్చు పుస్తకం ఎడమ పక్కన, తెర కుడి పక్కన పెట్టుకుని కూర్చున్నారు. మొదటి అధ్యాయంలోనే ఆగి, “ఏమ్మా, పుస్తకంలో ఒకలా ఉంది, మీ ఫైలులో ఇంకోలా ఉంది. ఏది మార్చారు?” అని అడిగారు. చూస్తే మార్పు మాది కాదు, పేజ్‌మేకర్ ఫైలులోనే అలా ఉంది. చివరి నిమిషపు దిద్దుబాట్లు కంప్యూటర్లో చెయ్యకుండా ట్రేసింగ్ పేపర్ మీదే ముక్క కత్తిరించి అతికించే రోజులవి. అచ్చయిన పుస్తకంలో ఆ దిద్దుబాటు ఉంటుంది, ఫైలులో ఉండదు. అక్కడికక్కడే నియమం పెట్టుకున్నాం: ప్రమాణం అచ్చు ప్రతే. ఫైలు కేవలం టైపు చేసే శ్రమ తగ్గించే సాధనం.

మాస్టారి కంటికి కూడా దొరకని తప్పులు కొన్ని ఉంటాయి. తెలుగు అంకెల్లో సున్నా ‘౦’, అనుస్వారం ‘ం’ చూడటానికి దాదాపు ఒకటే, సంకేతాలు మాత్రం వేరు. పాత ఫాంటులో రెండిటికీ ఒకే ముక్క. అలాగే విసర్గకు చాలా చోట్ల ఇంగ్లీషు కోలన్ కొట్టారు. కంటితో చూస్తే ‘దుఃఖం’ సరిగ్గానే ఉన్నట్టుంటుంది, వెతికితే దొరకదు. వీటిని పట్టడానికి చిన్న తనిఖీ స్క్రిప్టు రాశాం: అక్షరాల మధ్య అంకె సున్నా ఉందా, తెలుగు అక్షరాన్ని ఆనుకుని కోలన్ ఉండి దాని వెనక ఖాళీ లేకుండా ఇంకో తెలుగు అక్షరం వచ్చిందా, ఒకే హల్లుకి రెండు గుణింతపు గుర్తులు ఉన్నాయా. ప్రతి దిద్దుబాటు తర్వాతా ఇది నడుస్తుంది.

ఇక అరసున్న, బండి ఱ. పద్యాల్లో ఇవి ఎక్కడ ఉంటే అక్కడ ఉండాలి, ఆధునికం చెయ్యం. అరసున్నకి కొన్ని చోట్ల ఫాంటులోని ముక్క, కొన్ని చోట్ల ఎడమ బ్రాకెట్టు వాడారు. మాస్టారు ఒక్కొక్కటే చూసి నిర్ణయించారు. ఇక్కడ ఏ స్క్రిప్టునీ నమ్మలేదు.

గురువారం: రూపానికి పేరు పెట్టడం

పేజీ మీద 16 పాయింట్ల బోల్డు కనబడితే అది అధ్యాయం పేరని మనకు తెలుస్తుంది. మధ్యకి జరిపిన నాలుగు లైన్లు కనబడితే పద్యమని తెలుస్తుంది. కంప్యూటర్‌కి మాత్రం అది లావు అక్షరం, ఇది జరిపిన లైను, అంతే. ఎపబ్‌లోకి మోసుకెళ్లాల్సింది ఆ లావునో, ఆ జరుపునో కాదు; అది అధ్యాయం పేరు, ఇది పద్యం, ఇది నిర్వచనం, ఇది ఉదాహరణ అన్న సంగతిని. పేజీ సజ్జ చేసినాయన మనసులో ఆ పేర్లన్నీ ఉన్నాయి. కాగితం మీద వాటి రూపం మాత్రమే మిగిలింది. మనం వెనక్కి నడిచి ఆ పేర్లు తిరిగి రాస్తున్నాం.

ఆర్‌టీఎఫ్‌తో పాటు వచ్చిన సైజులు ఇక్కడ పనికొచ్చాయి. ఒక్కో సైజు, బోల్డు, జరుపు కలిసి ఎక్కడెక్కడ వచ్చాయో పట్టీ తీసి, ఒక్కోదానికి పేరు పెట్టాం. బోల్డు ఒక్కటే మూడు పనులు చేస్తోంది: పారిభాషిక పదం మొదటిసారి వచ్చినప్పుడు, ఒక మాటని నొక్కి చెప్పినప్పుడు, యతి అక్షరాన్ని చూపించేటప్పుడు. మూడింటికీ మూడు ట్యాగులు (హెచ్‌టీఎంఎల్‌లో పాఠానికి పేరు చెప్పే గుర్తులు) పెట్టాం. తెర మీద మూడూ బోల్డుగానే కనబడినా, పారిభాషిక పదాల పట్టీ దానంతట అదే తయారవుతుంది.

లైను చివర కంపోజిటర్ విరిచిన మాటలు, పేరా మధ్యలో కొట్టిన బలవంతపు ఎంటర్లు, జరుపు కోసం కొట్టిన స్పేసులు, ఇవన్నీ తీసేశాం. ఇది ఓపిక తప్ప మరేం అక్కర్లేని పని.

ఫుట్‌నోట్లు పేజ్‌మేకర్‌లో పేజీ అడుగున విడి బ్లాకులుగా టైపు చేసినవి, ప్రతి పేజీలోనూ మళ్లీ ఒక నక్షత్రంతో మొదలవుతాయి. పేజీ నంబరు ఆధారంగా నక్షత్రానికీ నోటుకీ జత కలిపి, అధ్యాయమంతా వరస నంబర్లు ఇచ్చాం. ఎపబ్ 3లో నోటుకీ దాని సూచనకీ వాటి పని చెప్పే గుర్తులున్నాయి. అవి పెడితే చాలా రీడర్లలో (ఎపబ్ చదివే యాప్‌లలో) నంబరు తాకగానే నోటు చిన్న కిటికీలో తెరుచుకుంటుంది.

ఆ పై వారం: గణవిభజన

పుస్తకానికి ప్రాణం ఇదే కాబట్టి ఎక్కువ సమయం దీని మీదే పెట్టాం. అచ్చులో పద్యపాదం ఒక లైను, దాని మీద గురులఘువుల గుర్తులు, కింద గణాల పేర్లు. గురువుకి ఇంగ్లీషు యూ అక్షరం, లఘువుకి నిలువు గీత. ట్యాబులతోనూ స్పేసులతోనూ ఒక్కో గుర్తునీ దాని అక్షరం నెత్తిన నిలబెట్టారు. ఫాంటు మారిందంటే, సైజు మారిందంటే ఆ అమరిక మొత్తం చెదిరిపోతుంది. తెర మీద ఆ రెండూ పాఠకుడి చేతిలోనే ఉంటాయి.

మొదటి ఆలోచన పట్టిక. ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలు, చంపకమాలలో 21. అన్ని గడుల పట్టిక ఫోన్‌లో పట్టదు. బొమ్మగా పెట్టడం అసలు ఒప్పుకోలేదు. ఛందస్సు పుస్తకంలో గణవిభజనే బొమ్మ అయితే ఇక ఇన్ని తిప్పలు ఎందుకు?

కుదిరింది రూబీ ట్యాగు. జపనీస్‌లో కంజి అక్షరం మీద ఉచ్చారణ చూపించడానికి వాడేది. 2011లో వచ్చిన ఎపబ్ 3 దీన్ని హెచ్‌టీఎంఎల్‌తో పాటు తెచ్చుకుంది. అక్షరం కింద, గుర్తు పైన. సైజు పెంచినా గుర్తు తన అక్షరాన్ని వదలదు. పరీక్షకి ‘యమాతారాజభానసలగం’ తీసుకున్నాం. య లఘువు, మా తా రా గురువులు, జ లఘువు, భా గురువు, న స ల లఘువులు, గం గురువు. తెర మీద గుర్తులు చక్కగా నిలబడ్డాయి.

అసలు సంగతి అక్షరాన్ని ఎక్కడ తెంచాలన్నది. పది వేల గుర్తులు చేత్తో పెట్టలేం, స్క్రిప్టే పాదాన్ని అక్షరాలుగా విడదీయాలి. ‘రత్నము’ అంటే ర, త్న, ము. సంయుక్తాక్షరం ‘త్న’ విడిపోకూడదు. దాని వల్ల ముందున్న ర గురువు అవుతుంది కానీ, రాతలో అది తన చోటే ఉంటుంది. ఇక్కడి వరకు యూనికోడ్ నియమాలు సాయపడతాయి. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 నుంచి తెలుగు సంయుక్తాక్షరాన్ని ఒకే గుచ్ఛంగా, అంటే తెంచకూడని ఒకే అక్షరంగా, లెక్కపెట్టే నియమం చేరింది. అంతకుముందు పొల్లు దగ్గర తెగిపోయేది. ‘రామున్’ దగ్గర మాత్రం ఆ నియమాలు చాలవు. యూనికోడ్ లెక్కలో ‘న్’ విడి గుచ్ఛం. ఛందస్సు లెక్కలో అది ముందున్న ‘ము’తో కలిసి ‘మున్’ అనే ఒకే గురువు. పొల్లుతో అంతమయ్యే హల్లుని వెనక్కి కలిపే నియమం మేమే రాసుకున్నాం. ఇది వినడానికి చిన్న విషయంలా ఉంటుంది. కానీ ‘న్’ మీద గాలిలో ఒక గుర్తు తేలుతూ ఉంటే నేర్చుకునే పిల్లవాడికి పాఠమే తప్పు వెళ్లిపోతుంది.

తర్వాత లైను విరుపు. ప్రతి గణాన్నీ విడదీయరాని ఒక పెట్టెగా కట్టాం: పైన గుర్తులు, మధ్యలో అక్షరాలు, కింద గణం పేరు. ఉత్పలమాలకి భ, ర, న, భ, భ, ర, వ. పెద్ద తెర మీద ఏడూ ఒకే వరసలో ఉంటాయి, చిన్న ఫోన్లో రెండు వరసలవుతాయి. విరుపు ఎప్పుడూ గణం దగ్గరే పడుతుంది. మాస్టారికి చూపించాను. చాలాసేపు తెరని నిలువుగా, అడ్డంగా తిప్పి చూశారు. “అచ్చులో కూడా పాదం లైనులో పట్టకపోతే ఇలాగే గణం దగ్గర విరవాల్సింది” అన్నారు.

రూబీ వల్ల ఒక ఇబ్బంది ఉంది. కొన్ని రీడర్లలో మాట అక్షరం అక్షరంగా తెగిపోయి, వెతికితే దొరకదు. కాపీ చేస్తే గుర్తులు కూడా వస్తాయి. అందుకని ప్రతి పద్యమూ ముందు మామూలుగా, ఏ గుర్తులూ లేకుండా ఉంటుంది. గణవిభజన దాని కింద విడిగా. పుస్తకం కూడా అలాగే చేసింది కాబట్టి మూలానికి దూరం పోలేదు. మామూలు పద్యంలో ప్రతి పాదమూ విడి బ్లాకు. పాదం పట్టక కిందికి దిగితే దిగిన భాగం కాస్త లోపలికి జరుగుతుంది. ఎక్కడ కొత్త పాదం మొదలైందో చదివేవాడికి సందేహం రాదు.

బుధవారం: ఫాంటు, లైను ఎడం

ఎపబ్‌లో ఫాంటు పొదిగి పంపాలంటే దాని లైసెన్సు ఒప్పుకోవాలి. నోటో సెరిఫ్ తెలుగు ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉంది, అదే తీసుకున్నాం. ఫైలు సైజు తగ్గించడానికి వాడని అక్షరాలు కోసేస్తారు. తెలుగులో అలా కోసేటప్పుడు వత్తులనీ గుణింతాలనీ కలిపే పట్టికలు అలాగే ఉండాలి. అవి పోతే పుస్తకమంతా పొల్లులు విడివిడిగా నిలబడతాయి.

లైను ఎడం అక్షరం సైజుకి 1.7 రెట్లు పెట్టాం. ఇంగ్లీషు పుస్తకాలకి సరిపోయే ఎడంలో మన ‘ష్ట్ర’ కింది లైనులోని గుడి దీర్ఘాన్ని తగులుతుంది. రెండు వైపులా సమంగా సర్దడం వద్దనుకున్నాం. తెలుగు సమాసం ఒక్కటే సగం లైను తినేస్తుంది. చిన్న తెర మీద సమం చెయ్యబోతే మిగిలిన రెండు మాటల మధ్య గుమ్మాలంత ఖాళీలు వస్తాయి. ఎడమ వైపు సమం, కుడి వైపు స్వేచ్ఛ. అక్షరాల మధ్య ఎడం పెంచే ఆదేశం ఎక్కడా వాడలేదు.

అచ్చులో ప్రతి అధ్యాయం మొదటి అక్షరం మూడు లైన్ల ఎత్తున ఉంటుంది. ఒక అధ్యాయం ‘శ్రీ’తో మొదలవుతుంది. మొదటి అక్షరం పెద్దది చెయ్యమని సీఎస్‌ఎస్‌కి (పేజీ రూపాన్ని నిర్ణయించే ఫైలుకి) చెబితే కొన్ని పాత రీడర్లు ‘శ్’ని మాత్రమే పట్టుకుంటాయి. ఆ అలంకారం వదిలేశాం. పోయింది అందమే, అర్థం కాదు.

శనివారం: ఎపబ్ కట్టాం

ఎపబ్ అంటే విప్పి చూస్తే ఒక జిప్ ఫైలే. అందులో మొదటి ఫైలు అది ఏ రకమో చెప్పే ఒక్క లైను, దాన్ని కుదించకుండా పెట్టాలి. తర్వాత అధ్యాయాలు, సీఎస్‌ఎస్, ఫాంటు, పుస్తకం వివరాల ఫైలు, విషయసూచిక. 2017లో ఎపబ్ ప్రమాణాన్ని చూసుకునే ఐడీపీఎఫ్ సంస్థ, వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీలో కలిశాక ఈ ప్రమాణం వాళ్ల చేతికి వెళ్లింది. 2023లో ఎపబ్ 3.3ని సిఫార్సుగా ప్రకటించారు. పుస్తకం భాష తెలుగని వివరాల్లోనూ, ప్రతి అధ్యాయం నెత్తిమీదా రాశాం. చదివి వినిపించే సాఫ్ట్‌వేరు తెలుగు గొంతు ఎంచుకునేది దాన్ని బట్టే.

అచ్చు పేజీ నంబర్లు కూడా దాచిపెట్టాం. క్లాసులో మాస్టారు “73వ పేజీ తియ్యండి” అంటే ఫోన్‌లో చదివే పిల్లలు కూడా తియ్యగలగాలి. పాత పేజీ మొదలైన ప్రతి చోటా కనబడని గుర్తు, వాటన్నిటికీ కలిపి ఒక పేజీ పట్టీ. పేజీ మాట మధ్యలో తెగిన చోట గుర్తుని ఆ మాటకి ముందు పెట్టాం, మాటని విరవలేదు. “ముందు 41వ పేజీలో చెప్పినట్టు” అని ఉన్న చోటల్లా ఇప్పుడు లింకు ఉంది.

ఎపబ్ ఫైలులో తప్పులు పట్టే ఎపబ్‌చెక్ నడిపాం. మొదట వచ్చిన తప్పుల్లో చాలావరకు ఒకే గుర్తింపు పేరు రెండు చోట్ల రావడం వల్లే. అవి తీరాక సున్నా తప్పులు.

మంగళవారం: విని చూసినవారు

చూపు లేని మిత్రుడొకరు తన ఫోన్లో మొత్తం విన్నారు. ఛందస్సు ఆయనకి ఇష్టమైన విషయం, ఇన్నాళ్లూ ఎవరో ఒకరు చదివి వినిపిస్తేనే వినేవారు. వచనం హాయిగా సాగింది. గణవిభజన దగ్గర మాత్రం ఫోను ‘పా, యూ, వ, నిలువు గీత’ అని చదవడం మొదలుపెట్టింది. ఆ గోల ఎవరు వింటారు? కంటికి కనబడే రూపాన్ని చదివే సాఫ్ట్‌వేరుకి కనబడకుండా చేసి, ప్రతి పాదానికీ వినడానికి మాత్రమే ఒక వాక్యం పెట్టాం: “భ గణం: గురువు, లఘువు, లఘువు. ర గణం: గురువు, లఘువు, గురువు.” ఈ వాక్యాలు కూడా స్క్రిప్టే రాస్తుంది. ఆయన మళ్లీ విన్నారు, ఈసారి ఆపకుండా మూడు వృత్తాలు. “ఇప్పుడు యతి ఎక్కడో కూడా చెప్పించండి” అని అడిగారు. న్యాయమైన కోరిక. యతి అక్షరానికి గురువారం నాడు పెట్టిన విడి ట్యాగు ఉంది కాబట్టి, గంటలో చేర్చేశాం.

శుక్రవారం: వెబ్ పేజీలు

ఎపబ్‌కి పెట్టిన శ్రమ తర్వాత వెబ్ పని తేలిక. అదే హెచ్‌టీఎంఎల్, అధ్యాయానికో పేజీ, ప్రతి పద్యానికీ విడి చిరునామా, ఎవరైనా ఒక పద్యానికి నేరుగా లింకు ఇవ్వవచ్చు. కష్టపడ్డది వెతుకులాట మీద. పాఠకుడు అరసున్న టైపు చెయ్యడు, జీరో విడ్త్ నాన్ జాయినర్ అనేది ఒకటుందని కూడా తెలియదు. అందుకని వెతికే ముందు రెండు వైపుల నుంచీ ఆ రెండిటినీ తీసేసి పోలుస్తున్నాం. బండి ఱనీ మామూలు రనీ ఒకటిగా చూస్తున్నాం. ఇదంతా వెతకడం వరకే. తెర మీద కనబడే పాఠం రచయిత రాసినట్టే ఉంటుంది.

ఇంకా మిగిలినవి

పదసూచిక సగం అయింది. ఒక్క పేజీ నంబరున్న మాటలకు లింకు దానంతట అదే వస్తోంది, ఆ పేజీలో మాట ఉన్న చోటికే తీసుకెళ్తోంది. “ప్రాస 52–58” లాంటి వాటికి మొదటి పేజీకి మాత్రమే లింకు ఇచ్చాం. కొన్ని నంబర్ల దగ్గర ఆ పేజీలో ఆ మాటే లేదు. పేజీలు కట్టాక ఎక్కడో పాఠం జరిగి, సూచిక జరగనట్టుంది. వాటి పట్టీ మాస్టారి దగ్గరుంది. ఆయన సరైన పేజీలు రాసి ఇస్తే, అచ్చులో ఉన్న నంబరుని అలాగే ఉంచి, లింకుని మాత్రం సరైన చోటికి తిప్పుతాం. పసుపు రంగు పూసిన ‘వు’, ‘మ’ మాటలు చివరి రెండు అధ్యాయాల్లో ఇంకా ఉన్నాయి. అవి తేలేదాకా ఎపబ్‌ని బయట పెట్టడం లేదు.